ఊరి పాపాలన్నీ నా ఖాతాలోనే

ఒరేయ్,

నీ మెయిల్ వచ్చి నెలన్నర అయింది. జవాబు లేదని తిట్టుకుని ఉంటావు, తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు, నా నడుంనొప్పి తగ్గింది, ఇల్లు ఇంకా మారలేదు. అసలు సంగతి విను, ఇది నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు.

మా కోడ్ రివ్యూలన్నీ స్పేసుల పంచాయితీలే కదా, విసుగొచ్చి ఒక శుక్రవారం సాయంత్రం (నవ్వకు, నీ సెమికోలన్ కథ నేనింకా ఎవరికీ చెప్పలేదు) రిపో (మా కోడంతా ఉండే చోటు) మొత్తం మీద బ్లాక్ అనే, పైథాన్ కోడ్ రూపాన్ని సర్దే టూల్‌ని నడిపేశాను. 88 అక్షరాలు దాటిన లైన్లు విరిగాయి, సింగిల్ కోట్లన్నీ డబుల్ అయ్యాయి. ఇకమీద దానంతటదే నడిచేలా ప్రీ-కమిట్ హుక్ కూడా పెట్టా, అంటే గిట్ (మార్పుల చరిత్ర దాచే సాధనం) ప్రతి కమిట్‌నీ, అంటే దాచే ప్రతి మార్పునీ, తీసుకునే ముందు నడిపే స్క్రిప్టు. రిపోని క్లోన్ చేసుకుంటే (కాపీ తెచ్చుకుంటే) హుక్కులు వెంట రావు, ఎవరికి వాళ్లు ఇన్‌స్టాల్ చేసుకోవాలి, చేసుకున్నాక కూడా నో-వెరిఫై అని కొట్టి హుక్కుని దాటేసే మహానుభావులుంటారు, అందుకని సీఐలోనూ (పంపిన కోడ్‌ని దానంతటదే పరీక్షించే ఏర్పాటు) చెక్ పెట్టా. మహా గర్వంగా పడుకున్నాన్రా!

సోమవారం ఒక లెక్క తప్పొచ్చింది. ఎవరో గిట్ బ్లేమ్ కొట్టారు, ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపే కమాండ్. ఏ లైను చూసినా నేనే. నేను చేరకముందు ఎవరో రాసి వెళ్లిపోయిన ఫంక్షన్‌కి మేనేజర్ నన్ను పిలిచి "ఇలా ఎందుకు రాశావ్" అంటే, టెన్షన్‌లో సారీ చెప్పబోయాను కూడా!

దీనికి మందుంది, 2019లో గిట్ 2.23తోనే వచ్చింది: వదిలెయ్యాల్సిన కమిట్ హ్యాష్‌ని (దాని గుర్తింపు కోడ్‌ని) ఒక ఫైల్లో రాసి, ఇగ్నోర్-రెవ్స్-ఫైల్ సెట్టింగులో ఆ ఫైలు పేరిస్తే బ్లేమ్ దాన్ని దాటి వెనక్కి చూస్తుంది. రాశాను. ఇచ్చాను. అయినా నేనే! గిట్ కిమ్మనదు, ఎర్రర్ లేదు. రెండు గంటలు తల బాదుకున్నాక వెలిగింది... నేను రాసింది నా బ్రాంచిలోని (నా విడి పాయలోని) హ్యాష్, అందరి మెయిన్ బ్రాంచిలో మెర్జ్ అయింది (కలిసింది) స్క్వాష్‌తో, అంటే కమిట్లని ఒకే కొత్త కమిట్‌గా నొక్కేసి, కాబట్టి మెయిన్‌లో ఉన్నది వేరే హ్యాషున్న వేరే కమిట్. మన హాస్టల్ తాళంచెవి గుర్తుందా, సరిగ్గా అదే కథ.

మెర్జ్ అయ్యాక వచ్చిన హ్యాష్ రాస్తే పాత పాపులంతా ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఆ లెక్క తప్పు ఎవరిదనుకున్నావ్? వద్దులే, అది ఫోన్‌లో.

ఇంకా ఆ హుక్కు చివర నేను తెలివిగా గిట్ యాడ్ (కమిట్‌లోకి వెళ్లే మార్పుల్ని ఎంచే కమాండ్) పెడితే, యాడ్-పీతో (ముక్కలుగా ఎంచుకునే పద్ధతి) సగమే ఎంచుకున్న ఫైలుని మొత్తంగా కమిట్‌లోకి లాగేసిన సంగతి నీకు... అదుగో, సీఐ ఎర్రగా వెలిగింది, మళ్లీ నా పేరే పిలుస్తున్నారు. ఉంటారా.