తెల్లబట్ట పొడి ఇక అమ్మను

మా మూలికల కొట్టులో పదకొండేళ్లుగా అమ్ముతున్న తెల్లబట్ట పొడిని ఈ నెల నుంచి ఆపేశాను. మాచికాయ, పటిక, ఎండు వేపాకు కలిపి దంచిన పొడి అది. కషాయం కాచి లోపల కడుక్కోమని చీటీ మీద రాసి ఇచ్చింది నేనే. కొలత అమ్మది, నమ్మకం నాది. ఎవరినీ అడిగి చూడలేదు.

రెండు నెలల కిందట, ఎప్పటి నుంచో మా దగ్గర కొనే ఒకావిడ మంటతో వచ్చారు. వాసన తగ్గలేదని రోజుకు రెండుసార్లు కడుక్కున్నారట. ఆవిడతో డాక్టరమ్మ దగ్గరకు నేనూ వెళ్లాను. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ, పులుపును కొలిచే పీహెచ్‌ను 3.8కీ 4.5కీ మధ్య ఉంచుతుందని అక్కడే తెలిసింది. ఆ పులుపే కాపలా. లోపల కడిగే అలవాటుంటే అది చెదురుతుంది. అలాంటి వారిలో, మేలు చేసే బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోయే బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఎక్కువగా కనిపిస్తుందట.

మాచికాయ ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి, పచ్చి వక్క నమిలినట్టు నోరు బిగుసుకుపోతుంది. అందులోని టానిన్ల పని అది. ‘బిగుతు’ అని నేను గొప్పగా చెప్పింది ఇదే: పొర ఎండిపోవడం. ఎండిన పొర సులువుగా చిట్లుతుంది, రోగాలకు దారి ఇస్తుంది.

వేప, పసుపు ప్రయోగశాలలో గాజు పళ్లెంలోని క్రిములను అణిచిన మాట నిజమే. ఒంట్లో అణుస్తాయన్న పూచీ దానితో రాదు. వెల్లుల్లి కూడా అలాంటిదే. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు మహిళలకు వెల్లుల్లి మాత్రలిచ్చి చూస్తే, యోనిలోని కాండిడా అనే ఫంగస్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అసలు ‘తెల్లబట్ట’ ఒక్క జబ్బు కాదు. కొంత తెలుపు సహజం. పెరుగు తరకల్లా ఉండి దురద పెడితే కాండిడా కావచ్చు, చేపల వాసనైతే వజైనోసిస్, పసుపు పచ్చని నురగైతే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి. దేని మందు దానిదే, అదీ పరీక్ష చేయించాకే. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, గర్భిణులైనా ఆలస్యం చేయకండి. శుభ్రతకు బయట మామూలు నీళ్లు చాలు. అవి నా కొట్టులో దొరకవు.

ఇంట్లో ప్యాకెట్లుంటే, విప్పినవైనా సరే, తెచ్చివ్వండి. 120 రూపాయలూ వాపసు ఇస్తాను, కారణం అడగను. ఇప్పటికి ఇరవై మూడు వచ్చాయి. మిగిలిన మాచికాయ బస్తాను బట్టలకు సహజ రంగులద్దే వారికి ఇచ్చేశాను.