లివర్ మాత్ర కాపాడదు

సంపాదకులకు,

జిమ్ స్టెరాయిడ్ల మీద వార్త వచ్చిన ప్రతిసారీ ‘వాడొద్దు’ అన్న హితవుతో ముగుస్తుంది. మరి ఇప్పటికే వాడుతున్నవాళ్ల సంగతేమిటి? వాళ్లకు జిమ్‌లో దొరికే సలహా ఒకటే: సిలిమారిన్ (లివర్‌కు మంచిదని అమ్మే మూలికా మందు) మాత్ర కూడా వేసుకో, లివర్‌కు ఏమీ కాదు. స్టానోజొలాల్, మెథాండైనోన్ అనే స్టెరాయిడ్ మాత్రల దెబ్బను అది ఆపుతుందన్న భరోసా లేదు. ఒళ్లంతా దురద, ముదురు రంగు మూత్రం, పచ్చబడిన కళ్లు కనిపిస్తే మాత్రలు మానేసి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నిజానికి లివర్ కన్నా గుండె గురించే ఎక్కువ భయపడాలి. సూదిగా తీసుకునే టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) ఎర్రకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది. డాక్టర్లు రాసిచ్చిన సూదినైనా హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే ఆపేస్తారు. పై మాత్రలు మంచి కొలెస్ట్రాల్‌ను పడగొడతాయి. బీపీ, సీబీపీ (రక్తకణాల లెక్క), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) చిన్న ఊళ్లలోనూ చూస్తారు, అవి తప్పనిసరి. ఎల్ఎఫ్‌టీ అనే లివర్ పరీక్షకు ముందు వారం రోజులు బరువులెత్తకూడదు. కండరాల ఒత్తిడికే అందులో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు పెరిగిపోతాయి. జీజీటీ అనే మరో ఎంజైమును కూడా చూస్తే లోపం లివర్‌లోనా, కండరాల్లోనా అన్నది తేలుతుంది.

చనుమొన కింద నొప్పితో బిళ్లకడితే ఆలస్యం చేయొద్దు. మొదట్లో మందులకు లొంగవచ్చు, ఏడాది దాటితే చాలావరకు ఆపరేషనే.

మానేశాకే అసలు కష్టం. బయటి హార్మోన్ అందినన్నాళ్లూ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల విడుదలను తగ్గించేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. సొంత ఉత్పత్తి కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైనే పడుతుంది. ఆ మధ్యకాలంలో నీరసం, కోరిక లేకపోవడం, దిగులు, కొందరికి చనిపోవాలన్న ఆలోచనలు. అది తట్టుకోలేకే మళ్లీ సూది పట్టుకుంటారు. కాబట్టి సొంతంగా మందులు కొనకుండా ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్యుణ్ని) కలవాలి. టెస్టోస్టిరాన్ పరీక్షకు ఉదయం 7-10 మధ్య, పరగడుపున రక్తమివ్వాలి. జుట్టుకు బయోటిన్ (ఒక విటమిన్) మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, అది హార్మోన్ అంకెలను తారుమారు చేయగలదు.

పిల్లలు కలగడంలేదని వచ్చినవాడికి ‘బలానికి’ టెస్టోస్టిరాన్ సూది వేసే వైద్యులూ ఉన్నారు. ఉన్న కాసిని కణాలూ దాంతో పోతాయి.

తోటి వైద్యులకు ఒక మనవి. కండలు చూడగానే తిట్లకు దిగితే రోగి నిజం చెప్పడు. ‘ఏం వాడుతున్నావు, ఎన్నాళ్లుగా?’ అని మామూలుగా అడగండి. వాడేవారు సీసా, అట్ట వెంట తీసుకెళ్లాలి. దొంగ సరుకులో లేబుల్ మీదున్న మందే ఉంటుందని నమ్మలేం. ఒకే సీసా నుంచి నలుగురూ తీసుకునే అలవాటుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయించుకోవాలి.

– ఒక వైద్యుడు, హనుమకొండ