మైక్రోవేవ్‌లో గుడ్డు పెట్టకండి
అందరికీ నమస్కారం. నిన్న మా ఇంట్లో ఉడికించిన గుడ్డును పెంకుతోనే మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడిచేశాం. బయటికి తీసి పళ్లెంలో పెట్టగానే పేలింది. పచ్చసొన గోడ దాకా ఎగిరింది. పాప పక్కన లేదు కాబట్టి సరిపోయింది. లోపలి తేమ ఆవిరైతే బయటికి దారి ఉండదు కదా. పెంకు ఒలిచినా ప్రమాదమే.

నీళ్లతోనూ జాగ్రత్త. బుడగలు కనిపించకపోయినా మరిగే వేడి దాటి ఉండవచ్చు. కప్పు కదిలించినా, చెంచా వేసినా ఒక్కసారిగా పొంగి చేయి కాలుస్తాయి. ముందే చెక్క చెంచా వేసి ఉంచండి.

స్టీలు గిన్నెలు, బంగారు అంచు కప్పులు వద్దు, నిప్పురవ్వలు వస్తాయి. లోపల మంట కనిపిస్తే తలుపు తీయకండి, వెంటనే స్విచ్ ఆపండి.

సిరిమానోత్సవానికి మన విజయనగరంలో ప్రతి ఇంటికీ చుట్టాల పిల్లలు వస్తారు. వాళ్లకు ముందే చెప్పండి.