402లోంచి 178

హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

మూడు వారాలైనా జవాబు రాయలేదని తిట్టుకోకురా. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు నయం, చిన్నదానికి పాలపళ్లు ఊడుతున్నాయి, మెహదీపట్నంలో వానొస్తే బస్సు కదలదు. కబుర్లు ఇంతే. అసలు సంగతికి వస్తా, ఆగలేకపోతున్నా.

నువ్వు పంపిన మీ బడి ఐదో తరగతి లెక్కల పరీక్ష మార్కుల పట్టిక చూశా. కింద ఎర్ర పెన్నుతో "సగటు 46 శాతం, ఏం చెయ్యాలో తోచట్లేదు" అని రాశావు. తోచదురా! 46ని పట్టుకుని రేపు పొద్దున ఏ పాఠం మొదలుపెడతావు? జవాబు పత్రాలు ఇంకా ఉన్నాయా? ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకు, నీకు కావలసిందంతా వాటిలోనే ఉంది.

ప్రశ్నపత్రంలో తొమ్మిదోది తియ్యి. 402 − 178. ఎ) 224, బి) 376, సి) 234, డి) 334. తయారుచేసిన వాళ్లెవరో గానీ దండం పెట్టాలి, ఒక్క తప్పు జవాబు కూడా ఊరికే పెట్టలేదు. 376 ఎలా వస్తుందో చూడు. ఒకట్లలో 2లోంచి 8 పోదు, అందుకని పిల్లాడు తిప్పేసి 8లోంచి 2 తీశాడు, 6. పదుల్లో 7లోంచి సున్నా తీశాడు, 7. వందల్లో 4లోంచి 1 తీస్తే 3. వాడికి తీసివేత అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యడం, అది పైనున్నా కిందున్నా ఒకటే. 234 పెట్టిన పిల్లకి అప్పు తేవడం వచ్చు. వందల దగ్గర ఒకటి తెచ్చింది, పదుల్లో సున్నా పది అయింది, అందులోంచి ఒకట్లకి ఒకటి ఇచ్చింది. ఇచ్చాక పది తొమ్మిది అవుతుందని మరిచిపోయింది, అంతే. 334 పెట్టినవాడు అప్పు తెచ్చి ఎక్కడా తగ్గించలేదు.

ముగ్గురికీ మార్కు సున్నాయే. కానీ ముగ్గురికీ ఒకే పాఠం చెప్తే ఇద్దరికి దండగ. ఇది నీకు తెలియాలనే ఇంత పెద్ద ఉత్తరం.

ఒక చార్టు తీసుకుని గళ్లు గియ్యి. ఎడమ పక్క పిల్లల పేర్లు, పైన ప్రశ్నల నంబర్లు. ఒప్పయితే గడి ఖాళీగా వదిలెయ్యి, తప్పయితే వాడు పెట్టిన అక్షరం రాయి. టిక్కులు, ఇంటూలు వద్దు, అవి పెడితే సంగతంతా పోతుంది. ఒకరు చదువుతుంటే ఒకరు రాస్తే తొందరగా అవుతుంది. తర్వాత నిలువు వరసలు చూడు. 32 మందిలో 8 మందే ఒప్పు పెట్టారనుకో, అది పావు వంతు. నాలుగు జవాబుల్లో కళ్లు మూసుకుని ఒకటి పెట్టినా ఇంచుమించు అంతే వస్తుంది. ఆ పాఠం క్లాసుకే రాలేదని లెక్క. బాగా చదివే పిల్లలంతా కలిసి ఒకే తప్పు పెట్టారా, ముందు సరైన జవాబుల జాబితా (కీ) సరిచూడు, తప్పు అక్కడే ఉండొచ్చు.

అడ్డ వరసలూ చూడు. ఏడో ప్రశ్నదాకా బాగా చేసినవాడు ఎనిమిది నుంచి వరసగా తప్పాడంటే జవాబుల్ని ఒక గడి జరిపి చూడు. కలిశాయంటే వాడు గుండ్రాలు నింపే జవాబు కాగితం, అదే ఓఎమ్మార్‌లో ఒక వరస దాటేశాడు, లెక్కలు రాక కాదు.

గడులు చూసి తీర్పు చెప్పెయ్యకు. ప్రతి గుంపులోంచి ఇద్దర్ని పిలిచి, జవాబులు చూపించకుండా పలక మీద చెయ్యమను, పైకి మాట్లాడుతూ చెయ్యమను. గుడ్డిగా పెట్టినవాడు అక్కడ తేలిపోతాడు. రాతలెక్కలు మాత్రం నోటితో కూడా అడుగు. "ఒకడి దగ్గర 45 గోలీలు, ఇంకొకడి దగ్గర 28, ఎన్ని ఎక్కువ" అంటే "ఎక్కువ" అన్న మాట చూసి కూడేసి 73 అంటారు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక కొందరికి ప్రశ్న చదవడమే కష్టం. అది లెక్కల తప్పో భాష తప్పో విడదియ్యకుండా...

సరే, ఏం చెయ్యాలో చెప్తా. 376 గుంపుకి పుల్లలు, కట్టలు. రెండు పుల్లల్లోంచి ఎనిమిది తియ్యమంటే చెయ్యి ఆగుతుంది, అప్పుడు కట్ట విప్పాలని వాడికే తడుతుంది. 234 గుంపుకి డబ్బులు. నాలుగు వందనోట్లు, రూపాయి బిళ్లలు రెండు ఇచ్చి 178 చెల్లించమను. ఒక వందకి పది పదులు, అందులో ఒక పదికి పది రూపాయలు చిల్లర తెచ్చాక చేతిలో ఏముంది? మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు. ఆ తొమ్మిదిని పిల్ల తన వేళ్లతో లెక్కపెట్టాలి.

ఇంకోటి, నాకు ఒళ్లు మండేది. 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకి, పిల్లలకి ఏం వచ్చో దేశమంతా చూసే పరఖ్ సర్వే జరిగింది కదా. 99 వరకు సంఖ్యల్ని వరసలో పెట్టగలిగినవాళ్లు మూడో తరగతిలో దేశం మొత్తం మీద 55 శాతం, పదో ఎక్కం దాకా వచ్చినవాళ్లు ఆరో తరగతిలో 53 శాతం. చదువుతుంటే కడుపులో తిప్పింది. కానీ అది కొన్ని బళ్లలో కొందరు పిల్లలకి పెట్టిన పరీక్ష. జిల్లా అంకె చూపించి నీ బడిని ఎవరైనా నిలదీస్తే తల దించకు. ఓఎమ్మార్ మోడల్ పేపర్లు తోమించమంటే మాత్రం ఒప్పుకోకు, పుల్లలతో గడపాల్సిన పీరియడ్లు వాటికే పోతాయి.

రెండు వారాలయ్యాక మళ్లీ పరీక్ష పెట్టు, అదే పేపరు వద్దు, జవాబులు గుర్తుంటాయి. 503 − 267 ఇవ్వు. 364 వస్తే పాత రోగం పోలేదు, 246 వస్తే తొమ్మిది ఇంకా పట్టుబడలేదు, 236 వస్తే నాకు ఫోన్ చెయ్యి. ఒక్కడికి 20లో 10 ఉన్నది 12 అయిందని మాత్రం సంబరపడకు, అంత తేడా ఏ తెలివీ పెరగకుండానే వస్తుంది. తప్పు మారిందా లేదా అన్నదే చూడు.

పెద్దదాన్ని ట్యూషన్ నుంచి తేవాలి, టైం అయిపోయింది. ముందు తొమ్మిదో ప్రశ్న వరస ఒక్కటి గీసి ఫొటో పంపరా, ఇవాళే.

నీ
రవి