దసరా పూజకి ముందే రాస్తున్నా, తీరిగ్గా చదువు

ఒరేయ్ బావా,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు నింపావు గానీ, పిండితే ముఖ్యంగా తేలింది మూడే సంగతులు. మేలో యూత్ క్యాంపులో రగిలిన మంట అమీర్‌పేట హాస్టల్లో దిగిన మూడో వారానికే చల్లారిపోయింది. ఆఫీసులో దసరా పూజ దగ్గరపడుతోంది, ఏం చెయ్యాలో పాలుపోవట్లేదు. రెజ్యూమేలో లేని మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కలిపేస్తే జీతం రెండింతలు అవుతుందని కన్సల్టెన్సీవాడు ఊరిస్తున్నాడు. చివర్లో "నేను పడిపోయాన్రా" అని రాశావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. పడిపోయినవాడు నాలుగు పేజీలు రాయడు.

క్యాంపులో మండిందంటే ఎందుకు మండదు? మూడు రోజులు వంట ఇంకెవరో చేశారు. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. చుట్టూ వందమంది అదే పాట పాడారు. హాస్టల్లో ముగ్గురు రూమ్మేట్లు, ఒక బాత్రూం, తొమ్మిదింటికి లాగిన్. నిప్పు తప్పేం లేదు, కట్టెలు అందట్లేదంతే. కాబట్టి ముందు కట్టెల సంగతి చూద్దాం.

జనవరి ఒకటిన "ఏడాదిలో బైబిలంతా" అని మొదలుపెట్టి ఆపేశానన్నావు. ఎక్కడ ఆగావో నేను చెప్పనా? ఆదికాండం 50 అధ్యాయాలు, నిర్గమకాండం 40. రోజుకు మూడు చొప్పున జనవరి 30కి అయిపోతాయి. 31న లేవీయకాండం. ఫిబ్రవరి 4న కుష్ఠు మచ్చలు పరీక్షించే 13వ అధ్యాయం, 59 వచనాలు. చాలామంది బండి అక్కడే ఆగిపోతుంది. అసలు ముంచేది లేవీయకాండం కూడా కాదు, బాకీ. నాలుగు రోజులు తప్పిపోతే 12 అధ్యాయాలు నెత్తిన కూర్చుంటాయి. అప్పులవాడి ఇంటిముందు నుంచి నడవలేక సందు మార్చుకున్నట్టు, బైబిల్ ఉన్న అరవైపే చూడటం మానేస్తాం.

అందుకే బాకీ తీర్చకు. తప్పిన రోజు తప్పినట్టే వదిలెయ్, ఈరోజుది చదువు. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొక్కటి, సరిగ్గా 52 వారాలు. శని, ఆదివారాలు ఖాళీ. మార్కుతో మొదలుపెట్టు, 16 అధ్యాయాలే, కథ పరుగెత్తుతుంది. మన పాత తెలుగు బైబిల్ గ్రాంథికం కదా, పక్కన వాడుక భాష అనువాదం ఒకటి పెట్టుకో. "సాత్వికము" అనే మాటని నోట్లో నాలుక లేకపోవడం అనుకుని సగంమంది యూత్ బతికేస్తున్నారు. కోపం వచ్చే చోట దాన్ని అదుపులో పెట్టుకోవడం అది. బలం ఉన్నవాడికే చాతనవుతుంది.

చదివాక నోట్‌బుక్‌లో రెండే లైన్లు రాయి. ఇక్కడ ఏం జరిగింది, ఈరోజు నేనేం చేస్తాను. రెండో లైన్లో మనిషి పేరో, టైమో ఉండాలి. "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే ఇంకు దండగ. "లంచ్ లోపు టీమ్ లీడ్ దగ్గరికెళ్ళి నిన్నటి మాటకి సారీ చెప్పాలి" అని రాస్తే పనవుతుంది. రూములో కుదరకపోతే డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన ఇరవై నిమిషాలు చాలు. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని మత్తయి 6లో ఉంది. నీకు తలుపున్న గది లేదు, ట్యాంకే నీ గది. అంతేగానీ నైట్ షిఫ్ట్ చేసి రెండింటికి వచ్చి పడుకున్నవాడి మంచం పక్కన ఐదింటికి గొంతెత్తి ప్రార్థించకు. వాడికి దేవుడి మీద కాదు, నీ మీద కోపం వస్తుంది, అదీ న్యాయంగానే.

ఇక పూజ సంగతి. ముందు దానియేలు మొదటి అధ్యాయం తియ్. సండే స్కూల్లో విన్న కథేలే అని దాటెయ్యకు, 8 నుంచి 16 దాకా వచనం వచనం చూడు. చెరపట్టి తీసుకెళ్ళిన దానియేలుకీ, అతని ముగ్గురు స్నేహితులకీ బబులోనులో పేర్లు మార్చేశారు, ఊరుకున్నారు. కల్దీయుల భాష, విద్య మూడేళ్ళు నేర్చుకోమన్నారు, నేర్చుకున్నారు. ఒక్క రాజుగారి భోజనం దగ్గర మాత్రం గీత గీశారు. ప్రతిదానికీ గొడవపడలేదన్నమాట. ఆ గీత కూడా పళ్ళెం ముందుకొచ్చాక గీసింది కాదు, అంతకుముందే మనసులో అనుకుని ఉన్నాడు దానియేలు. తర్వాత ధర్నా చెయ్యలేదు, పై అధికారిని అనుమతి అడిగాడు. ఆయన "నా తల పోతుంది" అని భయపడ్డాడు. అక్కడితో ముఖం మాడ్చుకోకుండా కింది అధికారి దగ్గరికి వెళ్ళి, పది రోజులు కూరగాయలూ నీళ్ళూ ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు. అవతలివాడి భయం ఏమిటో తెలుసుకుని, దానికి విరుగుడు కూడా తనే పట్టుకెళ్ళాడు. నీ ఆఫీసులోనూ ఇదే దారి.

పూజ రోజు దాకా నానబెట్టకు. వారం ముందు హెచ్‌ఆర్ మేడమ్‌తోనో మేనేజర్‌తోనో ఒంటరిగా చెప్పు: "సార్, నేను క్రిస్టియన్‌ని, హారతి దగ్గర నిలబడను. మిగతా పనులన్నీ నాకు చెప్పండి." ఆ మిగతా పనులు మాత్రం నిజంగా చెయ్యి. కుర్చీలు వెయ్యి, సిస్టమ్‌లు తుడువు, టిఫిన్లు తెప్పించు. పండగ శుభాకాంక్షలు మనస్ఫూర్తిగా చెప్పు. వాళ్ళ దేవుళ్ళ గురించి వంకరగా ఒక్క మాట అనకు. అవతలివాళ్ళకి బాధ నువ్వు హారతి తీసుకోనందుకు కాదురా, ముఖం గంటు పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డందుకు.

ప్రసాదం చేతికిస్తే? ఒకటో కొరింథీ 10లో పౌలు రెండు వైపులా మాట్లాడాడు. కటికవాని అంగడిలో అమ్మేది ఆరా తియ్యకుండా తినొచ్చు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినొచ్చు. అయితే "ఇది దేవుడికి పెట్టింది" అని ఒకరు చెప్పి ఇస్తే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం వద్దనాలి. పక్కసీటు అబ్బాయి వాళ్ళింటి దసరా భోజనానికి పిలిస్తే ఒక లెక్క, పూజారి గారు పళ్ళెంలో పెట్టి అందిస్తే ఇంకో లెక్క. దీని మీద సంఘానికో మాట ఉంది, అది నాకూ తెలుసు. నువ్వు తీసుకోకూడదు అనుకుంటే రెండు చేతులు జోడించి "వద్దండీ, ఏమీ అనుకోకండి" అను, అక్కడితో ఆపు. వివరణ వద్దు, వాక్యం వద్దు. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెయ్యకు: నవ్వుతూ తీసుకుని టిష్యూలో చుట్టి డస్ట్‌బిన్‌లో పడెయ్యడం. మనవాళ్ళు చాలామంది చేసే పనే. ఎవరో భక్తితో ఇచ్చింది, అది చూసినవాడు జన్మలో నీ మాట వినడు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ గురించి "అందరూ పెడుతున్నారు" అన్నావు. నిజమే, పెడుతున్నారు, తర్వాత ఏమవుతుందో కూడా చూడు. కన్సల్టెన్సీవాడు డబ్బు తీసుకుని ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ తయారుచేసిస్తాడు. పీఎఫ్ ఉంటే నీ యూఏఎన్‌లో, అంటే పీఎఫ్ నంబరు కింద, ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో ఉంటుంది. లేని మూడేళ్ళు అందులో ఉండవు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేరిన రోజే అయిపోదు, నెలల తర్వాత కూడా వస్తుంది. అప్పటికి నువ్వు రూమ్ మారి ఉంటావు, ఈఎంఐ మీద బండి కొని ఉంటావు. ఒక్క మెయిల్‌తో ఉద్యోగం పోతుంది. ఇదంతా దొరికితే కదా అంటావేమో. దొరక్కపోతే ఇంకా చేటు. మూడేళ్ళ సీనియర్‌కి ఇచ్చే పని నీకిస్తారు, చాతకాక రోజూ వేరేవాడితో చాటుగా చేయించుకుంటావు, ఒక అబద్ధానికి కాపలాగా రోజుకో అబద్ధం. ఆదివారం చర్చిలో మైకు పట్టుకుని "దేవుడు నాకు ఈ ఉద్యోగం అద్భుతంగా ఇచ్చాడు" అని సాక్ష్యం చెప్పాలి. ఎఫెసీ 4:25లో అబద్ధం మానమన్నది అన్యులకి కాదు బావా, సంఘానికి రాసిన ఉత్తరంలో.

చెయ్యాల్సింది ఇది. నీ అసలు ఎక్స్‌పీరియన్స్ 14 నెలలైతే 14 అనే రాయి. ఏ పని చేశావో, ఏ సమస్య పట్టుకుని ఎలా సరిచేశావో ఐదారు లైన్లలో విడమర్చి రాయి. సాయంత్రాలు ఒక ప్రాజెక్టు నువ్వే కట్టి చూపించు. నువ్వు వెళ్ళే చర్చిలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఉండే ఉంటారు, రిఫరల్ అడగడానికి సిగ్గుపడకు. ఆరు నెలలు పడుతుందని ముందే అనుకో. నిజాయితీగా ఉంటే తప్పకుండా ఉద్యోగం వస్తుందని మాత్రం నేను రాయను. దానియేలు స్నేహితులు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు అగ్నిగుండం ముందు "ఆయన రక్షింపకపోయినను" విగ్రహానికి మొక్కం అనే అన్నారు, లాభం లెక్క చూసుకుని కాదు. ఇప్పటికే ఫేక్ పెట్టుకుని చేరినవాడు నీ రూములో ఉన్నాడన్నావు, వాడికి నువ్వు క్లాసు పీకక్కర్లేదు. వాడు అడిగిన రోజు పక్కన కూర్చో చాలు.

ఆదివారం షిఫ్ట్ పడుతోందని గునిశావు. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య, ఆయనతోపాటు నమ్ముకున్న మాదిగ విశ్వాసులు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకి మొక్కం. కామందులు పనికి రమ్మన్న రోజు రామని చెప్పడం అప్పట్లో ఎంత పెద్ద మాటో ఆలోచించు. దెబ్బలు తిన్నారు, తిట్లు తిన్నారు. నువ్వు చెయ్యాల్సింది రోస్టర్ వెయ్యకముందే లీడ్‌ని అడిగి శనివారంతో మార్చుకోవడం. పండగలకి సెలవు కావాల్సినవాళ్ళ షిఫ్టులు నువ్వు తీసుకో, అడగకుండానే నీ ఆదివారం నీకు వదిలేస్తారు. తప్పనిసరి అయితే పొద్దున ఏడింటి ఆరాధనకో, సాయంత్రం దానికో వెళ్ళు. ఫోన్లో లైవ్ చూస్తే వాక్యం వినపడుతుంది గానీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందదు, నువ్వు రాలేదని అడిగేవాడూ ఉండడు.

చర్చి ఎలా ఎంచుకోవాలన్నావు కదా. ఒకేచోట వరసగా మూడు ఆదివారాలు వెళ్ళు. వాక్యభాగం తెరిచి దాన్ని వివరిస్తున్నారా, లేక ఒక వచనం చదివి మూసేసి సొంత కబుర్లా? కానుకల లెక్క సంఘానికి చెప్తారా? నీ పేరు ఎవరైనా అడిగారా? ప్రార్థన చేసిన నూనె అని సీసా అమ్మేచోట, డబ్బు కడితే ప్రవచనం చెప్పేచోట రెండో వారం కూడా వద్దు. మూడో ఆదివారం అయ్యాక అయ్యగారి దగ్గరికెళ్ళి "ఏదైనా పని చెప్పండి" అను. చాపలు మడత పెట్టేవాడికి నెలలో స్నేహితులు దొరుకుతారు, వెనక బెంచీలో కూర్చుని ఆమెన్‌కి ముందే లేచిపోయేవాడికి ఏడాదైనా దొరకరు.

డబ్బు గురించి ఒక్క మాట. మన అమ్మలు ఎసట్లో బియ్యం పోసేముందే ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు, అన్నం మిగిలాక కాదు. జీతం పడ్డ రోజే నీ 18,000లో పదో వంతు, 1,800 పక్కన పెట్టు. నెలాఖరున చూద్దాంలే అంటే నెలాఖరు ఎలా ఉంటుందో నీకే తెలుసు. అప్పు చేసి మాత్రం ఇవ్వకు. "విత్తనం వేస్తే వందరెట్లు" అనేవాడికి అసలే ఇవ్వకు. ఇంటికి పంపేది ఆపి కానుక వెయ్యకు. అమ్మానాన్నలకి చెయ్యాల్సింది "కొర్బాను", అంటే దేవుడికి ఇచ్చేశాం అని ఎగ్గొట్టేవాళ్ళని యేసుప్రభువు మార్కు 7లో ఎలా కడిగేశారో చదువు.

రాత్రి ఫోన్ సంగతి నువ్వు సగం రాసి కొట్టేశావు, అర్థమైంది. ఛార్జర్ మంచం దగ్గర కాకుండా తలుపు దగ్గర ప్లగ్‌కి పెట్టు, పదకొండు తర్వాత ఫోన్ అక్కడే. యజమాని భార్య వస్త్రం పట్టుకుని లాగిన రోజు యోసేపు వాదిస్తూ నిలబడలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు. నీకంటే పదేళ్ళు పెద్దవాడు, నోరు గట్టివాడు ఒక్కణ్ణి చూసుకుని వారానికోసారి నిజం చెప్పు. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవిగా మాత్రం పెట్టకు. సాయంత్రానికి అది ప్రార్థన కాదు, కబురు.

నిద్ర పట్టట్లేదు, ఏడుపొస్తోంది అని కూడా రాశావు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్ళు పెట్టి తినమన్నాడు. తిని పడుకుంటే మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. కొండకి వెళ్ళడం, దేవుడి స్వరం వినడం, అవన్నీ తర్వాత. ముందు రాత్రి భోజనం మానెయ్యడం ఆపు. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, లేదా 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దయ్యం పట్టిందనేవాళ్ళ మాట వినకు. ప్రార్థన రాకపోతే 88వ కీర్తన చదువు. చివరి మాట దాకా చీకటే, ఓదార్పు లైను ఒక్కటీ లేదు. అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు.

క్రిస్మస్ క్యారల్స్‌కి నువ్వు రాకపోతే డప్పు ఎవరు కొడతారు, ఇప్పుడే సెలవు అడిగి పెట్టుకో. పూజ అయ్యాక ఏం జరిగిందో వివరంగా రాయి. కుర్చీలు మొయ్యాలి కదా అని పాత చొక్కా వేసుకెళ్తావేమో, పండగరా బాబూ, కొత్తదే వేసుకో.

నీ
బావ