లష్కర్‌ను శివారు అనకండి

సంపాదకుడిగారికి నమస్కారం.

నగర శివార్ల ఎదుగుదల మీద పది రోజుల కిందట మీరు వేసిన కథనంలో సికింద్రాబాద్‌ను కూడా ‘హైదరాబాద్ శివారు’ అని రాశారు. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు.

ఊరు పెరుగుతూ పోయి చేరే అంచును శివారు అంటారు. సికింద్రాబాద్ అలా పుట్టలేదు. నిజాంతో 1798లో కుదిరిన ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఈస్టిండియా కంపెనీ సైన్యం మకాం వేసింది. 1806లో ఆ చోటికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పెట్టారు. దిగుమతి సరుకుల మీద సుంకం లేదు కనుక వర్తకులు తరలివచ్చారు. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు మార్గం వచ్చింది. 1945లో సొంత మునిసిపాలిటీ ఏర్పడింది, ఆ తర్వాత అది కార్పొరేషన్ కూడా అయింది. 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపేశారు. ఒకప్పుడు తన పాలన తానే చూసుకున్న ఊరిది శివారు హోదానా?

పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని లష్కర్ (సైన్యం మకాం) అనే పిలుస్తారు. లష్కర్ బోనాలు అంటే ఏ గుడో రాష్ట్రంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సైన్యంలో పనిచేసిన అప్పయ్య 1813 కలరా కాలంలో ఉజ్జయినిలో ఉండగా అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగివచ్చి 1815లో ఇక్కడ మహంకాళిని నిలిపాడని మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పుకునేవాళ్లం. మీ కథనంలో ఆ గుడి ప్రస్తావనే లేదు. అపార్ట్‌మెంట్ల ధరలకు మాత్రం సగం పేజీ ఇచ్చారు.

1897 ఒక్క సంవత్సరాన్నే చూడండి. ఫిబ్రవరిలో గడియార స్తంభం ప్రారంభమైంది. ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకునే ఆ తేదీ మనది. కిందటేడు అదే రోజు మనవడికి రాస్ పరిశోధన చేసిన భవనం చూపిద్దామని బయలుదేరాను. ఇద్దరు ఆటోడ్రైవర్లను అడిగాను, ఇద్దరికీ తెలియదు. దారి చూపే బోర్డు ఒక్కటి కూడా మాకు కనిపించలేదు. బోర్డు పెట్టించమని సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. అందినట్టు ఒక ముక్క కూడా రాలేదు. రోడ్డు మధ్య ప్రతి స్తంభానికీ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టడానికి చోటు దొరికే నగరంలో చరిత్ర చెప్పే ఒక రేకు బోర్డుకు చోటు దొరకదా?

రైల్వే స్టేషన్ ముందు భాగాన్ని 2025లో కూల్చినప్పుడు చాలామంది చూడటానికి వచ్చారు. నేనూ వెళ్లాను. కొత్త స్టేషన్ వద్దని నేను అనను, ఆ రద్దీకి అది కావలసిందే. కానీ మొదటిసారి ఊరు దాటినవాళ్లకు, పెళ్లయి అత్తవారింటికి బయలుదేరినవాళ్లకు గుర్తున్నది ఆ కమానులే. కొత్త భవనంలో వాటి ఫొటో ఒకటి, కింద నాలుగు తెలుగు వాక్యాలు ఉండాలని ఇప్పటి నుంచే అడగాలి. కట్టడం పూర్తయ్యాక అడిగితే ఎవరూ వినిపించుకోరు. మీలాంటి పత్రిక అడిగితే వింటారు.

ముందుగా మీరు చేయగలిగినది ఒకటుంది. ‘శివారు’ అన్న మాటను సవరిస్తూ, ఆ కథనం వచ్చిన పేజీలోనే రెండు వాక్యాలు వేయండి.

— ఒక పాఠకుడు, మెట్టుగూడ, సికింద్రాబాద్