గ్రెట్జ్కీని గోల్స్‌తోనే కొలవొద్దు

అయ్యా,

2025 ఏప్రిల్ 6న అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 895వ గోల్ కొట్టడంతో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో వేన్ గ్రెట్జ్కీ 894 గోల్స్ రికార్డు చెరిగిపోయింది. ఇక గ్రెట్జ్కీ పని అయిపోయినట్టే మాట్లాడుతున్నారు. అది తొందరపాటు.

ఈ ఆటలో గోల్ కొట్టినవాడితో పాటు, దానికి ముందు పక్ (బంతికి బదులు వాడే బిళ్ల) అందించిన ఇద్దరి దాకా 'అసిస్ట్' ఇస్తారు. గోల్‌కైనా అసిస్టుకైనా ఆటగాడి ఖాతాలో ఒక్కో పాయింటు పడుతుంది. గ్రెట్జ్కీ 1,487 మ్యాచ్‌ల్లో 1,963 అసిస్టులు చేశాడు. ఆయన గోల్స్ అన్నీ తీసేసినా పాయింట్లలో మొదటి స్థానం ఆయనదే.

మా పర్లాకిమిడి వైపు హాకీ అంటే సుందర్‌గఢ్ కుర్రాళ్ల ఆటే కాబట్టి ఒక సంగతి విడమరచాలి. మన హాకీలో బంతి గోల్ వెనక్కి పోతే ఆట ఆగుతుంది. మంచు మీద ఆగదు. గ్రెట్జ్కీ పక్‌తో సరిగ్గా అక్కడే, వల వెనక నిలబడేవాడు. డిఫెండర్ ఎడమ నుంచి వస్తే కుడి నుంచి జారుకునేవాడు. ఎవరూ రాకపోతే మరీ మంచిది: గోలీ (గోల్‌కీపర్) మెడ తిప్పి వెనక్కి చూసేలోపే ముందున్న సహచరుడికి పాస్ అందేది. చుట్టూ ఉన్న గోడనూ క్యారమ్ బోర్డు అంచులా వాడుకునేవాడు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. వెచ్చబడితే ఎగిరెగిరి పడుతుందని ఆటకు ముందు గడ్డకట్టిస్తారు. లేకపోతే ఇంత కచ్చితమైన పాసులు కుదరవు.

కెనడా జట్టు ఎడ్మంటన్‌కు 1984, 85, 87, 88లో స్టాన్లీ కప్పులు (ఆ లీగ్ విజేతకిచ్చే ట్రోఫీ) తెచ్చినవాణ్ని ఆ 88 ఆగస్టులోనే లాస్ ఏంజెలిస్ జట్టుకు ఇచ్చేశారు. ఆ తర్వాత ఆయనకు మరో కప్పు దక్కలేదు. ఆ లోటు ఒప్పుకోవాల్సిందే.

– హాకీ అభిమానులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా